ఇంటెనక

తోమింగస్ చెట్టు పూసిన వారం
మా విల్యాండిలో ఎవరూ టమాటా నారు బయట పెట్టరు.
తెల్లటి పూలు, వాటి వెనకే చలి.
మా అమ్మ చెప్పిన మాట, ఆమెకు వాళ్లమ్మ చెప్పిన మాట.
నాకూ తెలుసు.
తెలిసే పెట్టాను.
ముప్పై నాలుగేళ్లు తపాలా కౌంటర్ వెనక కూర్చుని
ఊళ్లోవాళ్ల పార్సిళ్లు తూచినదాన్ని,
పెన్షన్ వచ్చిన మొదటి మే నెలలో
ఎండ అలా మెడ మీద చెయ్యి వేస్తే
ఆగలేకపోయాను.

తెల్లారేసరికి పన్నెండు మొక్కలూ
ఉడికిన పాలకూరలా నేలకంటుకుపోయాయి.
ఇంత బతుకూ బతికి ఇంటెనక చచ్చినట్టు అంటారే,
వీటికి ఆ బతుకైనా ఎక్కడిది?
కిటికీ గట్టు మీద, పెరుగు డబ్బాల్లో,
తొమ్మిది వారాలు.

కంచె అవతల కాల్యో
తన గాజుపాక తలుపు తీసి దగ్గాడు.
అది దగ్గు కాదు.
లోపల అతని టమాటాలు
ఫోటోకి నిలబడ్డట్టు నిటారుగా ఉన్నాయి.

బీట్‌రూట్ చల్లాను, మొలవలేదు.
మళ్లీ చల్లాను, మొలవలేదు.
మూడోసారి చల్లాక మూడు విడతలూ కలిసి లేచాయి,
రెండు బస్సులు రాకపోతే మూడోదానికి ఎగబడ్డ జనంలా.
సగం పీకెయ్యాలి.
ఏ సగం?
ఫోన్లో మా చెల్లెలు ఉర్వె నవ్వింది:
చిరునామా లేని ఉత్తరాలు కూడా నువ్వు పారెయ్యలేదు కదే.

దోసపాదుకి పదహారు పువ్వులు.
వంగి ఒక్కొక్కటీ చూశాను. పదహారూ మగపువ్వులే.
పోసిన నీళ్లన్నీ తాగి
పచ్చగా నవ్వుతూ ఊరికే కూర్చున్నాయి.
మా ఆఫీసు గుర్తొచ్చింది.

ఆ తర్వాత నత్తలు.
గుల్ల లేనివి, వేలెడంత, పాత ఇటుక రంగు.
క్యాబేజీ ఆకుని జల్లెడ చేసి
ఆ జల్లెడలోంచి నన్నే చూసేవి.
గుడ్డు పెంకులు చల్లాను. బూడిద చల్లాను.
సాసర్లో బీరు పోస్తే
తాగి, తూలి, ఇంటికెళ్లి
మర్నాడు చుట్టాల్ని తీసుకొచ్చాయి.

రాత్రి పదకొండు.
జులైలో మా దగ్గర అదొక రకం వెలుతురు,
వెళ్లొస్తానని లేచిన పగలు
గుమ్మంలోనే కబుర్లలో పడ్డట్టు.
రబ్బరు బూట్లు, నైటీ, బకెట్.
ఎనభై రెండు ఏరాను.
చంపడానికి చెయ్యి రాలేదు.
కంచె దగ్గరికెళ్లి, అటూ ఇటూ చూసి
బకెట్ ఎత్తాను, కాల్యో వైపుకి.

అటువైపు నుంచి
ఇంకో బకెట్ లేచింది.

రెండు బకెట్లు గాల్లో.
ఇద్దరం దించలేదు కాసేపు.
దోమలు మాత్రం వాటి పని అవి చేసుకున్నాయి.
“ఎన్ని?” అన్నాడు.
“ఎనభై రెండు.”
“నావి నూట పది.” అందులోనూ అతనిదే పైచెయ్యి.
“ఎప్పట్నుంచి?” అన్నాను.
“ఆరేళ్లు. నీ వైపంతా అప్పుడు గడ్డే కదా,
వాటికి సుఖంగా ఉంటుందనుకున్నాం.
లైనె విసిరేది. నేను టార్చి పట్టేవాణ్ణి.”

అనుకున్నాం, అన్నాడు.
రెండేళ్ల కిందట ఆ ఇంటికొచ్చిన సంతాపం కార్డులకి
ముద్ర కొట్టింది నేనే.

బకెట్లు మోసుకుంటూ రైలుకట్ట దాకా నడిచాం.
అతని టార్చి వెలుగులోనే ఉంది,
ఆ వెలుతురులో దాంతో పనేం లేకపోయినా.

నత్తలు మళ్లీ వచ్చాయి, వాటికేం.
దోసకి ఆఖరికి ఒక్క ఆడపువ్వు పూసింది,
వడగళ్లు పడిన రోజున.

సెప్టెంబర్‌లో ఒక క్యాబేజీ మిగిలింది.
పై ఆకులు చిరిగిన కవర్లా ఉన్నాయి,
లోపల మాత్రం గట్టిగా, బిగుతుగా, చల్లగా.
తూచాను. అలవాటు పోదు.
కిలో తొమ్మిది వందల నలభై గ్రాములు.
సగానికి కోసి
ఒక సగం కంచె మీద పెట్టాను.

పొద్దున చూస్తే లేదు.
కాల్యో తీసుకున్నాడో,
మిగతావాళ్లు పంచుకున్నారో
అడగలేదు.